బ్యాండ్ ఎంత వెడల్పొస్తది?

ఆ రోజులు తల్సుకుంటే ఇప్పుడు నవ్వొస్తది గాని, అప్పుడు మాత్రం పొద్దున బస్సు పటాన్‌చెరు చేరంగనే, దిగకుండ అదే బస్సుల ఇంటికి మర్లిపోదామనిపించేది. డిగ్రీ కాంగనే అక్కడొక మందుల కంపెనీ ల్యాబుల ట్రైనీగ చేరిన. హత్నూరల మా వాడకట్టు నుంచి అసొంటి కొలువుకు పోయిన మొదటి ఆడపిల్లను నేనే. (మా నాయన నన్ను సైంటిస్టని ఊరంత చెప్పుకున్నడు. నేను అప్పటికి గాజు సీసలు కడుగుతున్న.) కొలువు పోతే ఇంట్ల ఇంకో ఏర్పాటు తయారుగ ఉండె, ఎరువుల దుకాణం పిలగాడు. మంచోడే, కాని మా ఇంటికొచ్చిన నాడు కూసున్నంత సేపు యూరియా గురించే మాట్లాడిండు.

మా ల్యాబుకు పెద్ద, కోస్తా దిక్కు నుంచి వచ్చి ఈడనే స్థిరపడ్డ సారు. అరవడు, తిట్టడు, నవ్వడు. అదే మా భయం. చాటుంగ ఆయనను మౌనం సారు అనుకునేటోళ్లం. మా మిషన్ సంగతి చెప్తే గాని ఆయన సంగతి అర్థం కాదు. సన్నటి స్టీలు గొట్టంల మెత్తటి పొడి దట్టించి ఉంటది. మందు కరిగించిన చుక్కను దాంట్లకు తోస్తే, అది పొడిల నుంచి పోయి అవతలి కొసకు వస్తది, వచ్చేటప్పుడు కంప్యూటర్ మీద ఒక గుట్ట లేస్తది. దాన్నే మేం బ్యాండ్ అంటం. షిఫ్టు విడువంగనే గేటు కాడ జనం ఒక్క గుంపుగనే ఉంటరు, చౌరస్తా చేరేసరికి కొందరు ముందట, కొందరు చాయ్ కాడ. మందు గూడ గంతే, నడిచిన కొద్ది చెదురుతది. గుట్ట సన్నగ వస్తే పక్కపక్క పదార్థాలు వేరువేరుగ కనవడతయి. వెడల్పయితే ఒకదాంట్ల ఒకటి కలిసిపోతయి, మందుల చెడుగు ఏమన్న ఉన్నా తెల్వదు. అందుకని సారు, చుక్క తోసే ముందట, అందరు వింటుండంగ, వంతు వచ్చిన ట్రైనీని, "ఎంత వెడల్పొస్తుందమ్మా?" అని అడిగేటోడు. గొట్టం పొడుగు, పొడి మెత్తదనం అన్ని చూసి లెక్కేసి చెప్పాలె. తర్వాత మిషన్ల వచ్చిన వెడల్పు కొలిచేటోళ్లం.

రేపు నా వంతు అని తెలిసిన నాడు ఇంట్ల అరుగు మీద కూసొని, "బ్యాండ్ ఎంత వస్తది, బ్యాండ్ ఎంత వస్తది" అని బట్టీ పట్టుకుంట లెక్కలు చేసిన. మా నాయనమ్మ విన్నది. "ఏందే, బ్యాండ్ మాట్లాడుకుంటున్నవ్, యూరియా పిలగాడు ఖాయమైండా?" అన్నది. నాకు నవ్వు రాలే.

తెల్లారి ల్యాబుల అడుగు పెట్టంగనే మా సీనియర్ అక్క ఎదురొచ్చింది. (పేరు వేరే ఉండె గాని, లోకంల ఉన్న పరేషాన్ అంత తనదే అనుకునేది కాబట్టి పరేషానక్క అంటుంటిమి.) "జెర ఆలోచించి చెప్పు పిల్లా. పోయినేడు ఒక పిల్ల గిట్లనే తప్పు చెప్పింది. మల్ల కనవడలే," అన్నది. నేను లెక్కల కాయితం తీసి మల్ల మొదటి నుంచి చూసుకున్న.

సారు అడిగిండు. చెప్పిన. చుక్క తోసిన. గుట్ట లేస్తుంటే చూస్తున్న, అది దిగుతనే లేదు. బర్రె పండుకున్నట్టు తెర మీద పరుచుకున్నది. కొలిస్తే నేను చెప్పినదానికి ఇంచుమించు రెండింతలు. మల్ల తోసిన, మల్ల గంతే. సారు నా వెనుక వచ్చి నిలవడ్డడు. నాకు నా ల్యాబు కోటు విప్పి ఇచ్చేసి పోతున్నట్టు, మా నాయన చౌరస్తల తల దించుకున్నట్టు, యూరియా బస్తాల మధ్యల నేను కూసున్నట్టు అన్ని కండ్ల ముందట తిరిగినయి. ఇగ ఆగలేకపోయిన.

"సార్, నన్ను తీసేయకుండ్రి. మా నాయన ఊరంత చెప్పిండు సార్," అన్న.

సారు నా మాట విననట్టే మిషన్ మూత తీసి, ఒక్కొక్క గొట్టాన్ని వేలితోని తడుముకుంట పోయిండు. పొడి గొట్టం దాటినంక, చుక్క బయటికొచ్చే కాడ ఆగిండు. ముందటి రోజు మిషన్ బాగుచేసిన మెకానిక్, అక్కడున్న సన్నటి గొట్టం తీసి చేతికి దొరికిన లావుది బిగించి పోయిండట. సారే పాన పట్టుకొని దాన్ని మార్చిండు. మల్ల తోయమన్నడు. ఈసారి గుట్ట సన్నగ, నిటారుగ లేచింది. నేను చెప్పినదానికి జెరంత ఎక్కువ, గంతే.

"మీ లెక్క తప్పు కాదమ్మా. మీరు పొడి ఉన్న గొట్టానికి లెక్కేశారు. ఇరుకు దారిలో వరసగా వచ్చినవాళ్లు తర్వాత మైదానంలో పడితే చెదిరిపోరా?" అన్నడు. ఆయన నోట్ల అన్ని మాటలు ఒక్కసారి వినుడు మాకు అదే మొదలు. "అయినా తీసెయ్యడమేంటి? ఇంత రావాలని మీరు ముందే చెప్పబట్టి ఇది దొరికింది. చెప్పకపోయుంటే వచ్చిందే నిజమనుకునేవాళ్లం."

"తప్పయితే ఏమంటరోనని భయమైంది సార్."

సారు పాన పక్కకు పెట్టి, గొంతు తగ్గించిండు. "నా లెక్కలు సగం తప్పుతాయమ్మా. అందుకే నలుగురిలో నేను చెప్పను, మిమ్మల్ని అడుగుతాను."

సారు పోయినంక పరేషానక్కను నిలదీసిన, మరి పోయినేడు కనవడకుండ పోయిన పిల్ల సంగతేందని. "ఆమెకు బొంబాయిల మంచి నౌకరి దొరికింది, పోయింది. తీసేసిండ్రని నేనన్ననా?" అన్నది.

ఆ సాయంత్రం బస్సెక్కి కూసున్నది యాదికున్నది, తర్వాత ఏం యాదికి లేదు. సంగారెడ్డిల దిగాల్సిన దాన్ని, కండక్టర్ లేపితే సదాశివపేటల కండ్లు తెరిచిన. రోజు సంగారెడ్డి బస్టాండ్‌ల నా కోసం నిలవడే నాయన, కిటికీల నా తల చూసి, బస్సు కదిలిపోతే హారన్ కొట్టుకుంట బండి మీద వెనుకనే వచ్చిండట. చెమటలు కారుతున్నయి ఆయనకు. నన్ను చూడంగనే, "కొలువు ఉన్నదా, పోయిందా?" అన్నడు. ఉన్నదన్న. "గట్లయితే ఏడుస్తవేంది?" అన్నడు. కండ్లు తుడుచుకొని బండెక్కిన.

ఇప్పుడు గూడ అప్పుడప్పుడు ఆ దారిల బస్సు ఎక్కుత. ఏ కిటికీకో తల ఆనించి, నోరు తెరుచుకొని నిద్రవోతున్న ఆ పిల్ల, అప్పటి నేను, నాకు కనవడుతుంటది. దిగే స్టేజీ దాటిపోతున్నదని తెలుసు. అయినా లేపబుద్ధి కాదు.