కనకం ఆంటీ గరాజ్

రంగుల దుకాణంలో డబ్బాను కుదిపే యంత్రం ఒకటి ఉంటుంది. మనం కోరిన రంగు చుక్కలు కలిపి, మూత బిగించి అందులో పెడితే దడదడమని ఊగిపోతుంది. మొన్న శనివారం పుస్తకాల అలమరకు రంగు కొందామని వెళ్ళి, ఆ చప్పుడు వింటూ కౌంటర్ ముందు నిలబడ్డాను. దుకాణం మనిషి మూత తీసి, చూసుకోమని డబ్బా నా వైపు జరిపాడు. ఆ పచ్చి రంగు వాసన ముక్కుకు తగలగానే నాకు నవ్వొచ్చింది. రంగు నచ్చిందా అని అతను అడిగితే చాలా బాగుందన్నాను గాని, అప్పటికే నా మనసు ఆ దుకాణంలో లేదు. నార్త్ కరోలైనాలో, మోరిస్‌విల్‌లో మా పక్కింటి గరాజ్‌కి వెళ్ళిపోయింది. అక్కడ పాత కుర్చీ ఒకటి బోర్లా వేసుకుని, ముక్కు మీదికి జారిన కళ్ళజోడులోంచి దాన్ని పరీక్షగా చూస్తూ కనకం ఆంటీ కూర్చుని ఉన్నారు.

ఆవిడ పూర్తి పేరు కనకదుర్గ. బెజవాడ మనిషి. అమెరికాలో ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నా మాటలో కృష్ణా జిల్లా ఎక్కడికీ పోలేదు. మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా మాత్రలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిన కళ్ళు కదా, ఇంటి దగ్గర కూర్చుంటే ఊరుకోలేదు. జనం వీధి అంచున పారేసిన బల్లల మీద, బీరువాల మీద పడ్డాయి. సల్వార్ మీద భర్త ప్రసాద్ అంకుల్ పాత ఆఫీసు చొక్కా తొడుక్కుని పనిలోకి దిగేవారు. ఆ చొక్కా మీద మా వీధి మొత్తం ఉండేది. మోచేతి దగ్గర నీలం మరక మూలింటి వాళ్ళ అలమరది, జేబు మీది ఆకుపచ్చ ఎదురింటి పసిపాప ఉయ్యాలది. ఇప్పుడు ఆవిడ చాండ్లర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. అరిజోనా ఎండకు కుంచె ఎత్తేలోపే రంగు ఆరిపోతోందని ఫోన్‌లో విసుక్కుంటారు గాని, ఆ విసుగులో కూడా హుషారు వినిపిస్తుంది.

మేము మోరిస్‌విల్ ఇంట్లోకి వచ్చి ఏడాది దాటినా అందులో కాపురం పెట్టినట్టు ఉండేది కాదు. మా ఆయన రఘుది హెచ్-వన్ వీసా. గ్రీన్ కార్డ్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఉద్యోగం పోతే ఇల్లు అమ్ముకుని కదలాల్సిందే. అందుకని సామాను కొనకూడదని, గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదని పైకి అనుకోకుండానే మేమిద్దరం ఒప్పందానికి వచ్చేశాం. హాల్లో మడత కుర్చీలు, ఒక మడత బల్ల. పరుపులు నేల మీదే. కిటికీలకు దుప్పట్లు. టేపు కూడా విప్పని అట్టపెట్టెలు గోడ వారన వరసగా. ఏది అడిగినా "గ్రీన్ కార్డ్ వచ్చాక" అన్నదే మా ఇంట్లో జవాబు. అది నాకు ఎంత అలవాటైపోయిందంటే, అలా ఉండటంలో లోటు ఉందని కూడా తోచేది కాదు.

మా అమ్మాయి మేఘనకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఒకరోజు తన క్లాసులోని ఎమిలీ మొదటిసారి మా ఇంటికి ఆడుకోవడానికి వచ్చింది. హాలంతా ఒకసారి కలయజూసి, ఎంతో మర్యాదగా, "ఆర్ యూ గైస్ మూవింగ్?" అని అడిగింది. మేఘన తనను గబగబా పెరట్లోకి తీసుకెళ్ళింది. ఆ పిల్ల వెళ్ళిపోయాక నా దగ్గరకు వచ్చి, "అమ్మా, నెక్స్ట్ టైమ్ నేనే ఎమిలీ ఇంటికి వెళ్తా. తను ఇక్కడికి రావద్దు" అంది. కోపంగా అంటే సముదాయించేదాన్నేమో. మామూలుగా, మంచినీళ్ళు అడిగినట్టు అనేసి వెళ్ళి హోంవర్క్ చేసుకుంది. ఆ తర్వాత ఎవరినీ పిలవలేదు. నేను వంటింట్లో నిలబడి ఆ అట్టపెట్టెల వంక చాలాసేపు చూశాను.

కనకం ఆంటీతో నాకు అప్పటిదాకా చేయి ఊపుకునే పరిచయమే. ఆ వారమే ఒక సాయంత్రం మా తలుపు కొట్టారు. వీధి చివర ఎవరో ఖాళీ చేస్తూ సొరుగుల బీరువా ఒకటి బయట పెట్టారని, అంకుల్‌కి నడుం పట్టేసిందని, ఒక చెయ్యి వెయ్యమని అడిగారు. వెళ్ళి చూస్తే దాని నిండా గీతలు, ఒక సొరుగు ఇరుక్కుపోయింది, పిడులు సగం లేవు. నాకైతే అది చెత్త. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి, వంగి అడుగు భాగం చూసి, వేలితో కొట్టి చెవి పెట్టి విన్నారు. రంపపు పొట్టు అతికించి చేసిన అట్ట కాదని, అసలైన చెక్కేనని సంబరపడ్డారు. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మోసుకొచ్చాం. మా ఇంటి ముందుకు రాగానే ఆవిడ ఆగి, దాన్ని మా గరాజ్‌లో పెట్టమన్నారు. తన దాంట్లో చోటు లేదట. మర్నాడు ఆవిడ గరాజ్ చూశాను. అలాంటివి ఇంకో రెండు పట్టేంత చోటుంది.

అలా మొదలైంది నా చదువు. ఇరుక్కున్న సొరుగు పట్టాల మీద కొవ్వొత్తి రుద్దితే అది నున్నగా జారుతుందని మొదటిరోజే చూపించారు. నేను ఆ సొరుగును పిల్లలాడుకున్నట్టు లాగడం, తొయ్యడం, మళ్ళీ లాగడం. తర్వాత సాండ్ పేపర్ చేతికిచ్చారు. పాత వార్నిష్ పొడిగా రాలి, లోపలి చెక్క తేనె రంగులో బయటపడుతుంటే నాకు ఆపబుద్ధి కాలేదు. రంగు మాత్రం తన గరాజ్‌లో వేద్దామని, నాలుగు రోజులు ఆగమని ఆవిడ గట్టిగా చెప్పారు. కారణం అడగకపోవడం నా పొరపాటు. ఆగలేక శనివారం పొద్దున్నే బీరువాను ఇంటి ముందుకు లాగి, ముచ్చటైన తెల్ల రంగు వేసి, ఆరనిమ్మని లోపలికొచ్చాను. అది ఏప్రిల్ నెల. ఆ ఊళ్ళో పైన్ చెట్ల పుప్పొడి గాలి నిండా ఎగిరే కాలం. కార్లు, మెట్లు, కుక్కలు అన్నీ పచ్చబడిపోతాయి. మధ్యాహ్నం బయటికొచ్చి చూసేసరికి నా తెల్ల బీరువా పైనుంచి కింది దాకా పసుపు ముద్ద. ఆంటీ వచ్చి చూశారు. ఒక్క మాట తిట్టలేదు. "పెళ్ళికూతుర్ని చేశావటే దాన్ని" అని, నవ్వుతూ నవ్వుతూ నిలబడలేక నేల మీద కూర్చుండిపోయారు. నాకూ నవ్వాగలేదు. అమెరికా వచ్చాక అంత గట్టిగా నవ్వింది అదే మొదటిసారి అనుకుంటాను. మర్నాడు ఇద్దరం కూర్చుని ఆ పసుపంతా గీకి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం.

బీరువా మేఘన గదిలోకి వెళ్ళాక, పాత సామాన్ల దుకాణంలో ఒకదానితో ఒకటి పోలికలేని నాలుగు కుర్చీలు దొరికాయి. చెక్క గట్టిదే, సీట్లే చిరిగిపోయాయి. గుడ్డను సీటు మీద మధ్యలోంచి లాగి బిగించి, అక్కడినుంచి మూలలకు రావాలని, మూలల్లో చీర కుచ్చిళ్ళలా మడవాలని ఆంటీ చెప్పారు. గుడ్డ ఏదని అడిగారు. మా ఊరు పోచంపల్లి దగ్గర. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ మా అమ్మ ఇచ్చిన చీరలు ఒక సూట్‌కేసు నిండా ఉన్నాయి. కట్టుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఆ సూట్‌కేసు తెచ్చి గరాజ్‌లో తెరిచాను. ఎరుపు, నలుపు, ఆవపువ్వు పసుపు. ఆంటీ కత్తెర నా చేతికిచ్చారు. నేను దాన్ని పక్కన పెట్టేశాను.

"కొయ్యాల్నా ఆంటీ?" అన్నాను. "రేపు జాబ్ పోయి వెళ్ళిపోవాల్సి వస్తే? ఇదంతా చేసుకున్నది వేస్ట్ కాదా?"

ఆవిడ నా ఎదురుగా ఒక సీటు లేని కుర్చీ చట్రం మీద జాగ్రత్తగా సర్దుకుని కూర్చున్నారు. "వెళ్ళాల్సొస్తే వెళ్తారమ్మా. వెళ్ళేదాకా ఎక్కడ కూర్చుంటారు?"

తర్వాత తన సంగతి చెప్పారు. కొత్తగా వచ్చిన రోజుల్లో వాళ్ళూ వచ్చే ఏడాది ఇండియా వెళ్ళిపోదామనుకుంటూనే ఏళ్ళు గడిపారట. పెట్టెలు విప్పలేదట. వాళ్ళబ్బాయి కిరణ్ బడికి వెళ్ళే వయసొచ్చింది. అక్కడ ఇంటి బొమ్మ గీయమంటే తలుపు గీయలేదు, కిటికీ గీయలేదు, ఒకదాని మీద ఒకటి అట్టపెట్టెలు గీసి కింద పేరు రాశాడట. టీచర్ ఆ బొమ్మను గోడకు అంటించింది. చూడ్డానికి వెళ్ళి, ఇంటికొచ్చి ఆ సాయంత్రమే పెట్టెలన్నీ విప్పేశానని చెబుతూ ఆంటీ నవ్వారు. ఆ మీదట మెల్లిగా ఇంకో మాట చెప్పారు.

"నీకు చెప్పలేదు గానీ, మీ అమ్మాయి నా దగ్గరికొచ్చింది. ఆంటీ, మీ దగ్గర ఎక్స్‌ట్రా చైర్ ఉందా, మా ఫ్రెండ్ కూర్చోడానికి అని అడిగింది. అందుకే ఆవేళ మీ తలుపు కొట్టాను."

ముందుగా ఎర్ర చీర తీసుకుని, అంచు నుంచి తిన్నగా కోశాను. పోచంపల్లి నేత కత్తెర కింద కరకరమని తెగుతున్న ఆ చప్పుడు నాకు భయం కలిగిస్తుందనుకున్నాను. చిత్రంగా, ఏదో పండగ పని మొదలైనట్టు అనిపించింది.

కుర్చీలు హాల్లోకి వచ్చిన సాయంత్రం రఘు ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలోనే ఆగి, ఎవరింటికో వచ్చినవాడిలా ఒక కుర్చీ అంచున కూర్చున్నాడు. కాసేపటికి వెనక్కి వాలాడు. మరుసటి ఆదివారం తనే ఆంటీ దగ్గర డ్రిల్లింగ్ మెషిన్ అడిగి తెచ్చి గోడకు అర బిగించాడు. అది ఒక పక్కకు కొంచెం వంగింది. దాన్ని సరిచేయడానికి మేమెవరం ఒప్పుకోలేదు. మా అమ్మకు వీడియో కాల్‌లో కుర్చీలు చూపిస్తే కళ్ళజోడు తెచ్చి పెట్టుకుంది. చీరలు కోసినందుకు బాధపడుతోందేమోనని నేను బిక్కచచ్చిపోతుంటే, ఫోన్ దగ్గరికి పెట్టమని, రెండో కుర్చీకి అంచు తిరగబడిందని తప్పు పట్టింది. తర్వాత ఎవరో వస్తుంటే వాళ్ళతో ఇంకో రెండు చీరలు పంపింది. వాటి మీద చిన్న చీటీ: కుర్చీలకు.

మేఘన తొమ్మిదో పుట్టినరోజు మా ఇంట్లోనే చేశాం. ఎమిలీ కూడా వచ్చింది. మేఘన తన స్నేహితుల్ని గది గదికీ తిప్పి, మ్యూజియంలో చూపించినట్టు, "దిస్ వాజ్ ట్రాష్. మా అమ్మ, కనకం ఆంటీ ఫిక్స్ చేశారు" అని ఒక్కొక్కటీ చూపించింది. ప్రతి సొరుగూ లాగి చూపించింది. ఎమిలీ ఎర్ర కుర్చీలో కూర్చుని, కేక్ తిన్నంతసేపూ లేవలేదు. తనను తీసుకెళ్ళడానికి వచ్చిన వాళ్ళమ్మను కూడా అందులో కూర్చోబెట్టి చూపించింది. ఆంటీ ఆరోజు మంచి పట్టుచీర కట్టుకొచ్చారు. మెట్ల మీద కూర్చుని కేక్ తింటూ, పిల్లల గోల వింటూ, తన పని ఏమీ లేనట్టు కాళ్ళూపుతున్నారు.

మేము భయపడిందే చివరికి జరిగింది. మూడేళ్ళ తర్వాత రఘు వాళ్ళ టీమ్ మొత్తాన్ని తీసేశారు. వీసా నిబంధన ఇచ్చే రెండు నెలల గడువు లోపల ఎక్కడ ఉద్యోగం దొరికితే అక్కడికి వెళ్ళాలి. న్యూజెర్సీలో దొరికింది. ఇల్లు అమ్మేశాం. ఆంటీతో కలిసి బాగుచేసుకున్న పెద్ద బల్ల ట్రక్కులో పట్టదని, వీధిలోకి కొత్తగా వచ్చిన ఒక జంటకు ఇచ్చేశాం. ఆ బల్ల కాళ్ళ మరలు ఆంటీయే కూర్చుని విప్పారు. ఆరోజు నేను తప్పక ఏడుస్తాననుకున్నాను. ఖాళీ గదుల్లో తిరిగాను. ప్రతి మూలా ఏదో ఒకటి జరిగిన చోటే. ఇక్కడ మేఘన జ్వరంతో పడుకుంది, అక్కడ రఘు పకోడీలు మాడ్చాడు. దాచిపెట్టి మిగిల్చింది ఏదీ లేదు. ఏడుపు రాలేదు. నా వెనకే తిరుగుతున్న ఆంటీ గోడకు మిగిలిన మేకు రంధ్రాల మీద అరచేత్తో నిమిరి, "ఇంటిని బాగా వాడుకున్నావే అమ్మాయ్" అన్నారు. నాకు ఇప్పటివరకు దొరికిన మెప్పుల్లో అంతకు మించింది లేదు.

న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌లో దిగిన రోజు సగం సామాను ఇంకా దారిలోనే ఉంది. ఎక్కడ చూసినా పెట్టెలు. మేఘన కిటికీ దగ్గర నిలబడి, ఇక్కడ కొత్త ఫ్రెండ్స్ అయితే ఇంటికి ఎప్పుడు పిలవొచ్చని అడిగింది. పాత నేనైతే ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. కింద ఆటస్థలంలో కలిసిన పిల్లల్ని వచ్చే శనివారమే పిలుచుకోమన్నాను. అన్న వెంటనే ఆంటీకి ఫోన్ చేశాను. కుర్చీలు రాలేదని, బల్ల లేదని చెప్పుకొచ్చాను. ఆవిడ అంతా విని ఎంతమంది వస్తున్నారని మాత్రం అడిగారు. పుస్తకాలున్న పెట్టెలు వేరుగా తీయమని, బరువుకి అవి కదలవని, వాటి మీద చీర పరవమని చెప్పి, పిల్లలకు ఏం వండుతున్నావని మాట మార్చేశారు.

శనివారం ఆరుగురు పిల్లలు వచ్చారు. ఆవపువ్వు పసుపు చీర పరిచిన పెట్టెల మీద వరసగా కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ పిజ్జా తిన్నారు. మీరు ఎన్నాళ్ళు ఉంటారని వాళ్ళలో ఎవరూ అడగలేదు. అడిగినా నాకు ఇబ్బంది ఉండేది కాదు. తెలీదమ్మా, ముందు కూర్చో అనేదాన్ని.