పన్నెండ్ల లెక్క

గుండీల కార్ఖానాలో మేమంతా పెద్దక్క అని పిలిచే ఆవిడ బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల కణుపుల మీద నడుస్తోంది. వేలికి మూడు, చేతికి పన్నెండు. ఆవిడ లెక్కలో ఒక పన్నెండు నిండితే 10, పన్నెండు పన్నెండ్లు నిండితే 100; సంచి మీద అలాగే రాయడం ఆవిడ జీవితకాలపు అలవాటు. యజమాని పదుల్లో రాయమన్నాక కూడా మొన్న అలాగే రాసింది. ప్యాకింగ్‌వాళ్లు నూరే ఉండాలనుకుని నలభైనాలుగు గుండీలు తీసేశారు, తక్కువయ్యాయని సరుకు తిరిగొచ్చింది.

“పెద్దక్కా, నీకివాళే ఆఖరు. ఈ సంచి మీదైనా పదుల్లో రాయి,” అన్నాడు మేస్త్రీ.

“అలా రాస్తే గుండీలు పిల్లల్ని పెడతాయా?”

“పెట్టవు. రేపట్నుంచి మిషనే లెక్కపెడుతుంది.”

“మరి నా చేతులేం చెయ్యాలి?”

మేస్త్రీ సంచిని ఆవిడ ముందుకి జరిపాడు. ఆవిడకి ఇంకో పని రాదు, నేర్పేవాళ్లూ లేరు. దాని మీద అప్పటికే రాసిన 100 కొట్టేసి 144 రాసింది. సంచి మూతి బిగించి కట్టి, అతనికి అప్పగించింది.