అడిగి ఊరుకోలేకపోయిన దుబాసీ

ఒకరి మాటను ఇంకొకరి భాషలో చెప్పి పొట్టపోసుకునేవాళ్లను వెనకటికి దుబాసీలనేవారు. ఇప్పుడు ఇంటర్‌ప్రెటర్లంటున్నారు. పేరు మారింది గానీ తిప్పలు మారలేదు. చెవిలో ఒకరు ఆపకుండా మాట్లాడుతుంటారు, నోట్లోంచి మరో భాష ఆగకుండా వస్తుండాలి. చిన్నక్క చేసే పని అదే. నీటి పంపులు తయారుచేసే కంపెనీలో, మీటింగు హాలు వెనక గాజు అద్దాలు బిగించిన ఇరుకు గదిలో, పెద్దక్క పక్కన కూర్చుని చేస్తుంది. వీళ్లిద్దరూ అక్కచెల్లెళ్లేమీ కారు. కంపెనీవాళ్లు సరదాకి అలా పిలవడం మొదలుపెడితే అదే ఖాయమైపోయింది. ఆ మాటకొస్తే కంపెనీ ఉద్యోగులు కూడా కారు. ఏడాదికి కాంట్రాక్టు రాసుకుని, రోజుకింత అని బిల్లు పెట్టుకునేవాళ్లు. పింఛను లేదు, సెలవు పెడితే ఆ రోజు డబ్బులు లేవు.

ఈ పని ఒంటిచేత్తో అయ్యేది కాదు. అరగంట గడిచేసరికి బుర్ర వేడెక్కిపోతుంది, అప్పుడు మైకు రెండోవాళ్ల ముందుకు జరుగుతుంది. అలాగని రెండోవాళ్లు ఆ అరగంటా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటారనుకుంటే పొరపాటే. అంకెలొచ్చాయంటే ఎంతటి దుబాసీకైనా నాలుక తడబడుతుంది. అందుకని పక్కనున్నవాళ్లు విన్న అంకెనల్లా గబగబా కాగితం మీద రాసి ముందుకు తోస్తారు. మాట్లాడేవాళ్లు అది చూసి చదివేస్తారు. హాల్లో ఉన్న విదేశీ ఇంజనీర్లకు ఈ సంగతేదీ తెలియదు.

చిన్నక్కకు ఈ విద్య నేర్పింది పెద్దక్కే, ఈ కంపెనీకి తీసుకొచ్చిందీ పెద్దక్కే. భర్త పోయినప్పటినుంచి పెద్దక్కకు ఆ గాజుగదే ఇల్లు. మీటింగు లేని రోజున కూడా ఏదో వంక పెట్టుకుని వచ్చి కూర్చునేది. ఏడాది కిందట ఒకనాడు టీ తాగుతూ, ఎడమ చెవికి వినికిడి మందగిస్తోందని చిన్నక్కతో చెప్పింది. ఆనాటినుంచి అంకెలు రాసే పని చిన్నక్కకు రెండింతలైంది. పెద్దక్క నోట మాత్రం ఒక్క అంకె తప్పిపోలేదు.

కాంట్రాక్టు గడువు ముగియవచ్చింది. ఇంకో ఏడాది పొడిగిస్తామని మేనేజరు కబురు పెట్టాడు, రేటు విషయం మాట్లాడుకుందాం రమ్మన్నాడు. చిన్నక్క చేరినప్పటి రేటు చేరినప్పటిలాగే ఉంది. ఇంటద్దె మాత్రం అలా ఉండలేదు. భర్త ప్రింటింగు షాపు మూతపడి, ఇప్పుడు ఇంటి బరువంతా ఆమె మీదే పడింది.

"అడగందే అమ్మయినా పెట్టదు," అన్నాడు భర్త. అనడంతో ఆగలేదు. వంటగదిలో స్టూలు మీద కూర్చుని తానే మేనేజరునన్నాడు. "ఊఁ, అడుగు."

"కాస్త పెంచితే బాగుంటుందేమో సార్..."

"బాగుంటుందేమో ఏంటి? చందా అడుగుతున్నావా? మళ్లీ చెప్పు."

పెద్దక్క సలహా ఇంకా క్లుప్తంగా ఉంది. "అంకె చెప్పు, చెప్పి ఊరుకో. ఆ తర్వాత నోటికి తాళమే. ముందు మాట్లాడినవాళ్లే ఓడినట్టు, గుర్తుపెట్టుకో."

చిన్నక్క గుర్తుపెట్టుకుంది. మేనేజరు ఎదురుగా కూర్చుని, తడబడకుండా, 'కాస్త' అనకుండా, 'బాగుంటుందేమో' అనకుండా తనకు కావలసిన రేటు చెప్పింది. చెప్పి నోరు మూసుకుంది.

మేనేజరు ఏమీ అనలేదు. కంప్యూటరు వైపు తిరిగి కళ్లు చిట్లించాడు. మౌసు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఏమీ అనలేదు.

మామూలు మనుషులకు మౌనమంటే మౌనమే. దుబాసీకి అది ప్రాణసంకటం. గాజుగదిలో రెండు క్షణాలు మాట ఆగిందంటే చాలు, హాల్లో తలలన్నీ వెనక్కి తిరుగుతాయి, చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లు తీసి దులిపి చూసుకుంటారు. ఖాళీ వస్తే ఏదో ఒకటి చెప్పి పూడ్చాలి. పదిహేనేళ్లుగా పూడ్చి పూడ్చి ఆ అలవాటు చిన్నక్క ఎముకల్లోకి ఇంకిపోయింది. ఆమె అనుకోకముందే నోరు దానంతటది తెరుచుకుంది.

"ఎందుకడుగుతున్నానంటే సార్, ఈ ఏడాదంతా భారం నామీదే పడింది. పెద్దక్కకి ఎడమ చెవి సరిగా వినబడదు కదా, అంకెలన్నీ నేనే..."

మేనేజరు తల తిప్పాడు. "వినబడదా?"

"అంటే... పూర్తిగా అని కాదు సార్. జలుబు చేసినప్పుడు."

"అలాగా," అన్నాడతను. అంతలో కంప్యూటర్లో ఏదో తెరుచుకుంది. "హమ్మయ్య, వచ్చింది. మీరడిగినంత దాకా ఇవ్వొచ్చని పైనుంచి పోయిన వారమే చెప్పారండీ. ఆ కాగితం కోసమే చూస్తున్నా, తెరుచుకుని చావదే!"

అడిగింది దక్కింది. అడగకముందే దక్కి ఉంది. ఇంత చిన్న మౌనాన్ని భరించలేక ఆమె పెద్దక్కను తీసుకెళ్లి ఆ ఖాళీలో పూడ్చింది.

ఆ రాత్రి భర్త సంబరపడి బయటనుంచి భోజనం తెప్పించాడు. పిల్లలు ఎగబడి తిన్నారు. చిన్నక్క తన పళ్లెం పిల్లల వైపు జరిపింది. నేను అబద్ధమేమీ చెప్పలేదుగా అని తనకు తాను నచ్చజెప్పుకుంది. అదే వచ్చిన చిక్కు. అబద్ధమైతే తప్పయిందని వెనక్కి తీసుకోవచ్చు. నిజాన్ని ఏమని వెనక్కి తీసుకుంటుంది? పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక్కడ పృథివి దాకా అక్కర్లేదు, మేనేజరు బల్ల దాటితే చాలు.

మర్నాడు గాజుగదిలో ఆమె చేసిన సేవ చూడాలి. పెద్దక్క కుర్చీ తుడిచింది, టీ తెచ్చింది, నీళ్ల సీసా మూత తీసి మరీ అందించింది. ఒక్కో అంకెను కొండంత చేసి రాసింది.

"ఏంటే ఈ మర్యాదలు? కొత్తల్లుడొచ్చాడా?" అని నవ్వింది పెద్దక్క. "రేటు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారక్కా."

"చెప్పి ఊరుకున్నావా మరి?"

"ఊరుకున్నా," అంది చిన్నక్క. చెప్పాక తన మొహం తనకే చూసుకోబుద్ధి కాలేదు. తప్పు మీద తప్పు, అదీ ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూస్తూ.

మధ్యాహ్నం మీటింగు కాగానే మేనేజరు గదికి పరుగెత్తింది. "నాకు పాత రేటే ఇవ్వండి సార్. ఇద్దర్నీ ఉంచండి. నిన్న నేనన్నది మర్చిపోండి."

మేనేజరు చెడ్డవాడైతే ఆమెకు కాస్త తేలికయ్యేది. అతను కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, మంచినీళ్లిచ్చాడు. "నిన్నటిదాకా నాకు తెలీదండీ. ఇప్పుడు తెలుసు. రేపొక కొలత అటూ ఇటూ అయ్యి మిషను పాడైతే, తెలిసి తెలిసి ఎందుకుంచావని నా పీక పట్టుకుంటారు. చెవి పరీక్ష చేయించుకుని డాక్టరు కాగితం తెమ్మని ఆవిడతో చెప్తాను. బాగుందని రాస్తే నాకేం అభ్యంతరం లేదు."

బాగుందని ఏ డాక్టరూ రాయడని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం పెద్దక్క మేనేజరు గదిలోకి వెళ్లి, వెళ్లినంత తొందరగానే బయటికొచ్చింది. గాజుగదిలో తనవంటూ ఉన్నవి ఒక శాలువా, గొంతు బిళ్లల డబ్బా. రెండూ సంచిలో వేసుకుంది. ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు.

"అక్కా, నేనే చెప్పాను," అంది చిన్నక్క.

"తెలుసు. ఆ సంగతి నా కూతురికి కూడా తెలీదే. తెలిసింది నీకూ నాకూ. నేనైతే చెప్పలేదు."

"కావాలని కాదక్కా. ఆయన ఏమీ మాట్లాడకపోయేసరికి..."

"ఆగలేకపోయావు. ఆ రోగం నాకూ ఉందిలే."

అది విని చిన్నక్కకు ప్రాణం లేచొచ్చింది. "పాత రేటుకే చేస్తానన్నాను అక్కా. ఒప్పుకోలేదు."

"పిచ్చిదానా, ఆ పని చేయకు. నువ్వు తగ్గితే నీ పక్కన కూర్చోడానికొచ్చే పిల్లకి ఇంకా తగ్గిస్తారు." పెద్దక్క సంచి భుజం మార్చుకుంది. "నేను చేసినంత కాలం చేశాను. ఇంకో రెండేళ్లు చేయగలననుకున్నా. పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లాలో ఇప్పుడింక తెలీదు, అంతే."

ఆ మాటతో చిన్నక్కకు దుఃఖం ఆగలేదు. రోడ్డు మీదని కూడా చూడకుండా ఏడ్చేసింది. "నన్ను క్షమిం..."

పెద్దక్క చెయ్యెత్తి ఆపింది.

"అది మాత్రం అడక్కే. నువ్వడిగితే సరే అనాలి. నీ ఏడుపు చూడలేక అనేస్తాను కూడా. ఇంటికెళ్లి పడుకున్నాక అది ఉత్తమాటని నాకు తెలుస్తుంది. అప్పుడు నీమీద కోపం ఇంకా పెరుగుతుంది. ఆగు కొన్నాళ్లు. క్షమించే మనసు వస్తే అదే వస్తుంది."

బస్సు వచ్చి ఆగింది. పెద్దక్క కమ్మీ పట్టుకుని నెమ్మదిగా ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. చిన్నక్క వెళ్లాల్సింది కూడా ఆ బస్సులోనే. ఎక్కలేదు. తర్వాతి బస్సు కోసం నిలబడింది.