వెనక నుంచి తోసిన చెయ్యి

ఏండ్ల సంది ఒక అబద్ధం నా ఛాతి మీద కూసుంది. మీరెవరో నాకు తెల్వదు. గందుకే చెప్పబుద్ధయితుంది.

డిగ్రీ చదివేటప్పుడు లావణ్య, నేను ఒక్క ప్రాణం. మెదక్‌ల మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ. దానికి గిటార్ పిచ్చి. ఒకసారి వాళ్ల నాయినను బతిమాలి, నన్ను తోడు పట్టుకొని, హైదరాబాద్‌ల రాక్ కాన్సర్ట్‌కు తీస్కపోయింది.

మైదానం నిండ నల్లంగీలు, పొడుగు జుట్లు, పచ్చబొట్లు. స్టేజి ముందట గుండ్రంగ జాగ చేసుకొని, ఎగురుకుంట ఒకల్నొకలు గుద్దుకుంటున్నరు. నేను లావణ్య చెయ్యి గట్టిగ పట్టుకున్న. అది మాత్రం విడిపించుకొని అండ్లకు దుంకింది. దాని మొఖంల గసొంటి నవ్వు నేనెన్నడు చూడలే. ముక్కు మొఖం తెల్వనోళ్లతోని గంత సంబురమా? మరి నేనెవర్ని? ఎగురుకుంట నా పక్క నుంచే పోయింది, నన్ను చూడలే. రెండు చేతులతోని వెనక నుంచి తోసిన. కోపమా? కుళ్లా? ఇప్పటికీ దానికి ఏం పేరు పెట్టాల్నో తెల్వదు.

బోర్ల పడ్డది. తొక్కి చంపుతరనుకున్న.

అప్పుడు నేను చూసింది ఎట్ల చెప్పాలె? చేతులు లేచినయి. దాని చుట్టు, ఆ వెనక, ఇంకా వెనక, చేతులే చేతులు. ఎక్కడోళ్లక్కడ ఆగిండ్రు. పాట ఉరుము లెక్క మోగుతనే ఉంది, ఆ ఉరుము నడుమ ఒక్క కాలు కదల్లే. మెడ దాక పచ్చబొట్లున్న ఒకాయన దాని మీదికి వంగి, వీపుతోని జనాన్ని ఆపిండు. ఇద్దరు ఆడపిల్లలు చంకల కింద పట్టి లేపిండ్రు. ఎవరో ఊడిన చెప్పును దొరకబట్టి, అందరికీ కనవడేటట్టు పైకెత్తిండ్రు. పడ్డోళ్లను లేపాలని వాళ్లకు ఎవరు నేర్పిండ్రు? నా ఒళ్లు జలదరించింది. గుళ్లె గూడ నాకెన్నడు గట్ల కాలే.

లావణ్య మణికట్టు విరిగింది. మెదక్‌కు తిరిగొచ్చినంక దవాఖానల వాళ్ల నాయిన నన్నే అడిగిండు.

"ఎవడు తోసిండు బిడ్డా?"

"ఎవడో పొడుగు జుట్టోడు, కాకా."

"గాళ్లే నన్ను లేపిండ్రు నాయినా!" అని లావణ్య ఏడ్చింది.

"నువ్వు ఊకో. ఈ పిల్ల కండ్లార చూసిందంటుంది గదా."

చెయ్యి అతుకక ముందే గిటార్ ఎవరికో ఇచ్చేసిండు. మళ్ల దాన్ని ఏ పాట కాడికీ పోనియ్యలే.

ఇప్పుడు లావణ్య హవేలిఘనపూర్‌ల ఉంటుంది. కలిసినప్పుడల్ల ఆ మైదానం ముచ్చటే తీస్తది. "గంత మంచోళ్లల్ల ఆ ఒక్కడెందుకు గట్ల చేసిండే?" అంటది.

ఆ ఒక్కడు లేనే లేడు. వాళ్లల్ల ఎవ్వరూ తప్పు చెయ్యలే. దానికి చెప్పే ధైర్యం నాకింకా రాలే, వస్తదో రాదో తెల్వదు. మాఫ్ చెయ్యమని మిమ్మల్ని అడుగుతలేను. ఒక్క మాట బయట పడితే చాలు.

తోసింది నేను.