దినారు పెరిగిన ఏళ్లు

మొన్న ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చుని ఉంటే, ఎదురుగా ఉన్న కొట్టు అద్దం మీద ఆ రోజు కువైట్ దినారు రేటు రాసి అంటించిన కాగితం కనిపించింది. మూడు వందల రూపాయలకు దగ్గర పడింది. ఆ రేటుతో నాకిప్పుడు పనేమీ లేదు. అయినా చదవగానే చూపు పక్కకు తిప్పుకున్నాను. యాభై దాటిన దాన్ని, మనవరాలిని ఎత్తుకున్న దాన్ని, దినారు పెరిగిందంటే నాకు ఇంకా భయమే. మా మెట్ట పల్లెల్లో నాతోపాటు పెరిగిన వాళ్లలో ఈ భయం ఎరిగినవాళ్లు మరి కొందరైనా ఉంటారు.

మాది కొండాపురం దగ్గర గొర్రెలు మేపుకుని బతికే ఇల్లు. నాకు ఊహ తెలిసే వేళకే నాయన పాము కరిచి పోయాడు. ఆ తర్వాత వానలు లేని ఏళ్లలో మందలో సగం రోగానికి పోతే మిగతా సగం తిండిగింజల కోసం అమ్ముకున్నాం. అప్పటికే మా వైపు ఆడవాళ్లు ఇళ్లలో పనికి కువైట్ పోవడం మొదలైంది. నన్ను తన తల్లి దగ్గర, అంటే మా అవ్వ దగ్గర వదిలి, రెండేళ్లలో వచ్చేస్తానని చెప్పి అమ్మ కూడా పోయింది. నన్ను బడిలో వేసిన ఏడే అది.

రెండేళ్లు గడిచాయి. అమ్మకు బదులు క్యాసెట్టు వచ్చింది. రాయడం రానివాళ్లు ఆ రోజుల్లో తమ మాటలు క్యాసెట్టులో పట్టించి, ఊరికి వచ్చేవాళ్ల చేత పంపేవాళ్లు. పెదనాయన ఇంట్లో టేప్ రికార్డరు చుట్టూ కూర్చుని విన్నాం. అమ్మ అందరి క్షేమం పేరు పేరునా అడిగి, కాసేపు ఏడ్చి, చివరకు, "అమ్మా, దినారు బాగా పెరిగినాదంట. ఇప్పుడు వచ్చేస్తే మళ్లా ఈ రేటు దొరకదు. ఇంకో ఏడాది ఉండి వస్తాను, పాప జాగ్రత్త" అంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి క్యాసెట్టులోనూ చివరి మాట అదే. మన రూపాయి జారినప్పుడల్లా దినారు ఎక్కేది, దినారు ఎక్కినప్పుడల్లా అమ్మ ఆగిపోయేది. మధ్యలో ఒక్కసారి సెలవు మీద వచ్చినప్పుడు నేను గుర్తుపట్టక అవ్వ వెనక దాక్కున్నాను. ఆ బెరుకు తీరకముందే సెలవు అయిపోయింది.

అవ్వ మాత్రం మధ్యాహ్నం ఆత్మకూరు బస్సు వచ్చే వేళకు రోడ్డు మీదికి పోయి, పేపరు చదివే కండక్టరును, "దినారు ఎంత ఉండాది నాయనా?" అని అడగని రోజు లేదు. బిడ్డ అక్కడ అరిగిపోతా ఉంటే ముసలిదానికి దినారు యావ పట్టిందని ఊళ్లో ఆడవాళ్లు చెవులు కొరుక్కునేవాళ్లు. నాకూ అవ్వ మీద లోలోపల కోపంగానే ఉండేది.

నాకు విషజ్వరం వచ్చి తగ్గిన ఏడు అవ్వ నన్ను అనుమసముద్రంపేట దర్గాకు తీసుకుపోయింది. పిల్లలు కలగాలని, జబ్బులు నయం కావాలని మొక్కుకునేవాళ్ల మధ్య నిలబడి, అవ్వ కొంగు చాచి, "సామీ, ఆ దినారు పడిపోవాల. దేనికీ కొరగాకుండా పోవాల. అప్పుడుగాని నా బిడ్డ ఇల్లు చేరదు" అని పైకే అంది. పక్కనున్న వాళ్లు వింతగా చూశారు. అమ్మ కోసం ఎదురుచూసేది నేనొక్కదాన్నేనని అన్నాళ్లూ అనుకున్నాను. తిరుగు బస్సులో నేను అవ్వ చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు పక్క దేశం సైన్యం కువైట్‌ను ఆక్రమించిందని రేడియోలో చెప్పారు. ఆ మధ్యాహ్నం కండక్టరు తలుపు దగ్గరే నిలబడి, "రేటే లేదవ్వా. ఆ దినారు ఇంక చెల్లదంటా ఉండారు" అన్నాడు. అవ్వ రోడ్డు పక్కనే కూలబడింది. అమ్మ బతికి ఉందో లేదో చెప్పే దిక్కు లేదు. అవ్వ తిండి మానేసి, మళ్లీ నన్ను వెంటబెట్టుకుని అదే దర్గాకు పోయింది. "నా మాట ఎనక్కి తీసుకుంటా ఉండాను సామీ. దినారు ఎంతన్నా పెరగనీ. నా బిడ్డ రాకపోయినా పరవాలేదు, బతికి ఉండనీ" అని నేలకు తల ఆనించి లేవలేకపోతే, ఎవరో పుణ్యాత్ములు లేపి కూర్చోబెట్టారు.

అమ్మ బతికే వచ్చింది. ఎడారి దాటి, పరాయి దేశంలో డేరాల కింద ఎండకు మాడి, బొంబాయి మీదుగా వచ్చి, ఒకనాడు ఆ మధ్యాహ్నం బస్సులోనే దిగింది. లోపలి లంగాకు కుట్టుకున్న గుడ్డలో, ఇంటికి పంపే వీలు లేక దాచుకున్న జీతం నోట్లు ఉన్నాయి. ఆత్మకూరులో వాటిని తీసుకునేవాళ్లే లేకపోయారు. పంచలో కూర్చుని వాటిని మోకాలి మీద సాపు చేస్తున్న అమ్మతో అవ్వ, "పోతే పోనీలే తల్లీ, నువ్వు వచ్చినావు" అంది.

"పోతే పోనీ అనబాకమ్మా. ఇవి ఉత్త కాయితాలు కాదు. నేను చూడకుండా నా బిడ్డ పెరిగిన ఏళ్లు."

అవ్వ ఆమె పక్కన కూర్చుని మిగతా నోట్లు తనూ సాపు చేయసాగింది.

యుద్ధం ముగిశాక దినారు మళ్లీ లేచింది, మన రూపాయేమో ఇంకా జారింది. అమ్మ మళ్లీ పోతానంది. అవ్వ వద్దనలేదు, కానీ ఆ తర్వాత ఏనాడూ రేటు అడగలేదు. అమ్మ చివరకు ఇంటికి చేరే నాటికి అవ్వ లేదు, నా ఒళ్లో ఇద్దరు బిడ్డలు. ఒకే ఇంట్లో మేమిద్దరం కొత్తగా పరిచయమైన మనుషుల్లా మెలిగేవాళ్లం. నేను కూరలో కారం ఎంత తింటానో ఆమెకు తెలియదు, ఆమె ఏ పక్కకు తిరిగి నిద్రపోతుందో నాకు తెలియదు. ఒక్కొక్కటే తెలుసుకున్నాం. కొన్ని తెలియకుండానే ఆమె పోయింది.

ఇప్పుడూ మా వీధి నుంచి ఆడవాళ్లు పోతూనే ఉన్నారు, కాకపోతే ఫోనులో మనిషి కనిపిస్తోంది. పోయిన వారం పక్కింటి పిల్ల ఆడుతూ పడి మోకాలు గీసుకుంది. నా దగ్గరికి రాకుండా లోపలికి పరుగెత్తి ఫోను తెచ్చి, కువైట్‌లో ఉన్న తల్లికి ఆ దెబ్బ చూపించింది. తల్లి అక్కడి నుంచే ఉఫ్ ఉఫ్ అని ఊదింది. ఆ గాలి ఇక్కడి దాకా రాదని ఆ పిల్లకు తెలియకపోదు. అయినా ఏడుపు ఆపి, మోకాలిని ఫోనుకు మరికాస్త దగ్గరగా పెట్టింది.