సెలూన్ తొట్టిలో మిగిలిన స్పాంజి

రంగు చేపల కొట్టు నడిపిన పెద్దమ్మ పోయి చాలాకాలమైంది. ఆమె తొట్లకు గాజు కోసి అతికించింది నేనే. ఎక్కడైనా తడి మట్టి వాసన తగిలితే ఇప్పటికీ ఆ కొట్టే గుర్తొస్తుంది.

పెద్దమ్మ గాజును రోజూ తుడిచేది. తొట్టి మూలన నీళ్లు వడగట్టే నల్లటి స్పాంజిని మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. అదంతా పోయిన ఆమె భర్త, మా పెద్దాయన, నేర్పిన పని. చేపలు వదిలే అమ్మోనియా వాటికే విషం. స్పాంజిలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అదైతే చేపలు ఓర్చుకుంటాయి.

ఒకసారి కొట్టు పక్కవీధికి మార్చాల్సి వచ్చింది. సాయానికి పెద్దమ్మ ఆడపడుచు వచ్చింది. ఆవిడ కంట మురికి పడితే ఇక అంతే. మేము తొట్లు సర్దుతుంటే, తొట్లలోంచి తీసి బకెట్లో ఉంచిన స్పాంజులన్నీ సబ్బుపెట్టి ఉతికి తీగమీద ఆరేసింది.

"చూడు వదినా, మల్లెపూలల్లే ఉన్నాయి!"

పెద్దమ్మ తీగ దగ్గరికి పరుగెత్తింది. "కొంప ముంచావు కదమ్మా! ఆ బ్యాక్టీరియా ఇళ్లు కడుగుతూ ఊరినంతా చంపేశావు."

కొత్త కొట్టులో నీళ్లు ఎంత మార్చినా లాభం లేకపోయింది. రెండు చేపలు పోయాయి. పెద్దాయన చేతుల్లో పెరిగిన ముసలి బంగారు చేప పైకి తేలి నోరు తెరుస్తోంది. పెద్దమ్మ ఆ తొట్టి దగ్గరనుంచి కదల్లేదు.

అప్పుడు ఆడపడుచుకే తట్టింది. "వదినా, అన్నయ్య తన తొట్టిలోంచి సగం స్పాంజి కోసి పాత వీధి సెలూన్‌లోని చేపల తొట్టికిచ్చాడుగా? అది నా చేతికి చిక్కలేదింకా."

తోడుకు పెరుగు అడగబోయినట్టు గిన్నె పట్టుకుని వెళ్లాం. సెలూనతను పగలబడి నవ్వాడు.

"తొట్టి కడగని బద్ధకస్తుణ్ణని వచ్చినప్పుడల్లా తిట్టావు కదక్కా! ఇప్పుడు నా బద్ధకంతోనే పనిపడిందా?"

"పడింది నాయనా. నోరు మూసుకుని కోసివ్వు," అంది ఆడపడుచు.

ఆ ముక్కను పెద్దమ్మ ముసలి చేప తొట్టిలో పెట్టింది. తొట్టి మళ్లీ కోలుకోవడానికి వారాలు పట్టింది. అందాకా మేం వంతులవారీగా నీళ్లు మార్చాం. ఒక ఉదయం ఆ చేప అడుగుకు దిగి గులకరాళ్లు కెలకడం చూసి, పెద్దమ్మ దానికి చిటికెడు మేత వేసింది.

ఆ తర్వాత కొట్టుకు ఆడపడుచు వచ్చిందంటే తొట్టి పక్కనే కుర్చీ వేసుకునేది. ఎవరైనా స్పాంజి వైపు చెయ్యి చాస్తే కసిరేది.

"ముట్టుకోకండి! అది మా అన్నయ్య పెంచింది."