ఒప్పుకోని మామయ్య, కుదరని చెయ్యి

మా మామయ్యకు ఒప్పుకోవడం చేతకాదు. ఎండగా ఉందంటే ఒప్పుకోడు. వాన పడుతోందంటే తడుస్తూ నిలబడి మరీ ఒప్పుకోడు. పెళ్లినాడు అత్తయ్య ముచ్చటపడి "మీ చొక్కా భలే ఉందండీ" అంటే, "చేతి దగ్గర కుట్టు వంకర. ఒప్పుకోను" అన్నాడట. ఆ చొక్కా కుట్టింది ఆయనే! దర్జీ కదా మరి.

రోడ్డు ప్రమాదంలో కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి డాక్టరు మెల్లగా, "ఇక సూది పట్టుకోవడం కష్టమండీ" అన్నాడు. ఆ మత్తులోనే మామయ్య ఏమన్నాడో వేరే చెప్పాలా?

అలా కృత్రిమ చేతులు అమర్చే మా విభాగానికి వచ్చిపడ్డాడు. ఇక్కడ నా ఉద్యోగం కరెంటు మిషను దగ్గర. కంగారు పడకండి, చాలా చిన్న కరెంటు. కృత్రిమ చేతి వేళ్ల చివర ఒత్తిడిని పసిగట్టే బిళ్లలుంటాయి. వేలు దేన్నయినా తాకగానే, మిగిలిన ముంజేతికి అతికించిన ప్యాడ్ల గుండా నరానికి సన్నగా కరెంటు అందుతుంది. లేని వేలికి తాకినట్టు తెలుస్తుంది. తక్కువైతే ఏమీ తెలియదు, ఎక్కువైతే చురుక్కుమంటుంది. ఎవరికెంత కావాలో వాళ్లే నోరు తెరిచి చెప్పాలి.

మామయ్యను నోరు తెరవమని బతిమాలాలా!

"తెలుస్తోందా మామయ్యా?"

"తెలుస్తోంది. అయితే ఇది తాకడం కాదే, కందిరీగ!"

తగ్గించాను. "ఇప్పుడు?"

"ఇప్పుడు కందిరీగ ముసలిదైంది."

"కుదిరిందని సంతకం పెట్టెయ్యకూడదూ? చెయ్యి నీదైపోతుంది, వారం వారం వచ్చే పని తప్పుతుంది."

"ఒప్పుకోను!"

ఇలా ఐదు నెలలు నా ప్రాణం తీశాడు. మా పెద్ద డాక్టరమ్మ అయితే, "ప్యాడ్లు మీ మామయ్య చేతికి కాదు, నోటికి పెట్టాల్సింది" అనేసింది.

ఆయన పక్క కుర్చీలో ఒక అమ్మాయి కూర్చునేది. గాజు సామాను దుకాణంలో ప్యాకింగు పని. ఆమెకు ఎడమచెయ్యి లేదు. మనిషి బంగారం. "తెలుస్తోందా?" అంటే "తెలుస్తోందండీ". "సరిపోయిందా?" అంటే "సరిపోయిందండీ". "చూసి నేర్చుకో మామయ్యా" అని నేను దెప్పేదాన్ని.

వచ్చిన చిక్కల్లా ఒకటే. పరీక్షకు గాజు గ్లాసు పట్టుకోమంటే ప్రతి వారం పటుక్కున పగలగొట్టేది. "నాదే తప్పండీ" అంటూ ముక్కలు ఏరేది. చివరికి డాక్టరమ్మ తేల్చేసింది: "ఈ శుక్రవారం కూడా పగిలితే, ఈమె నరాలకు ఇది పడదని రాసేద్దాం. ఆ చెయ్యి ఇంకొకరికి ఇవ్వాలి." చెయ్యి లేకపోతే దుకాణంలో ఆ అమ్మాయిని మళ్లీ పనిలో పెట్టుకోరు.

మామయ్య ఇది విన్నాడు. "పడదా? ఒప్పుకోను!"

"నీ సంగతి కాదు మామయ్యా!"

"ఎవరి సంగతైతేనేం? ఆ పిల్ల నీకు ఒక్కసారైనా కాదని చెప్పిందా? ఈసారి కరెంటు ఆపేసి అడుగు, చూద్దాం."

నాకు ఒళ్లు మండింది. నా పని నాకు నేర్పుతాడా? ఆయన నోరు మూయించడానికే శుక్రవారం మిషను ఆపేసి అడిగాను.

"తెలుస్తోందా అమ్మా?"

"తెలుస్తోందండీ."

తల కొట్టేసినట్టయింది నాకు. మామయ్య కుర్చీ ఆమెవైపు జరుపుకుని, "మిషను ఆపి ఉందమ్మా. నీకేం తెలిసింది?" అన్నాడు.

ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. "లేదంటే మేడమ్ బాధపడతారని..."

"పడనీ! 'తెలుస్తోంది' అనేదాకా ఊపిరి బిగబట్టుకుని నీ మొహంలోకే చూస్తుంది ఇది. ఐదు నెలలుగా నేను తిడుతూనే ఉన్నా కదా, ఏమైనా అరిగిపోయిందా? నువ్వూ తిట్టు."

మిషను మళ్లీ పెట్టాను. ఒక మెట్టు పెంచాను. "లేదండీ" అంది నెమ్మదిగా. ఇంకో మెట్టు. "లేదు." ఇంకోటి. "లేదన్నానా!" ఆరో మెట్టు దగ్గర ఉలిక్కిపడింది. "ఆగండాగండి! చూపుడువేలు! నా చూపుడువేలు!"

గ్లాసు పట్టుకుంది, ఎత్తింది, గది ఆ చివరిదాకా నడిచి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. బీటైనా వారలేదు. గిర్రున నావైపు తిరిగి, "ఇన్నాళ్లూ ఇంత తక్కువ పెట్టి కూర్చోబెట్టారా నన్ను?" అని గదమాయించింది. ఉద్యోగంలో చేరాక నన్నెవరూ అంత కమ్మగా తిట్టలేదు.

ఆ సంబరంలో మామయ్యను మరిచిపోయాను. చూద్దును కదా, కుర్చీకి తగిలించిన నా కోటు ఒళ్లో వేసుకుని, చిరిగిన జేబు కుడుతున్నాడు. సూది ఉన్నది ఆ కృత్రిమ చేతిలోనే!

"మామయ్యా! ఎప్పట్నుంచి ఇది?"

"మూడు నెలలైంది."

"మరి సంతకం పెట్టవేం?"

"పెడితే మీరు రానిస్తారుటే? ఆ పిల్ల పక్కన కూర్చుని నిన్ను తిట్టే దిక్కేదీ?"

సంతకం పెట్టాల్సిన కాగితం ముందుకు జరిపాను. ఆయన దాన్ని చూడనే లేదు. చెయ్యి పెట్టించుకోవడానికి కొత్తగా వచ్చిన బస్సు కండక్టరు గుమ్మం దగ్గర నిలబడి, డాక్టరమ్మ ఏం చెప్పినా "సరేనండీ, సరేనండీ" అని తలాడిస్తున్నాడు.

కాగితాన్ని మామయ్య నావైపే తోసేశాడు. "వచ్చే వారానికి నా పేరు రాయవే."

చెయ్యి కుదిరినవాళ్ల పేరు మళ్లీ రాయకూడదని మా ఆఫీసులో గట్టి రూలు ఉంది. రాశాను. కుర్చీ కూడా కండక్టరు పక్కనే వేయించాను.